ట్రక్కుకి ఏ ఎరుపు?

తెలుగులో ఎరుపులకున్న పాత పేర్లు చాలావరకు వస్తువుల పేర్లే. ఇంగిలీకం పాదరసమూ గంధకమూ కలిసిన ఖనిజం. సిందూరం సీసాన్ని కాల్చి చేసిన పొడి. కావి ఇనుప తుప్పున్న మట్టి. లత్తుక లక్క పురుగు పుణ్యం. ఫలానా ఎరుపు అనగానే అది దేనితో అయిందో కూడా చెప్పేసినట్టే. అమెరికాలో రంగు డబ్బాల మీద ఈ సదుపాయం లేదు. ఒక ముద్దుపేరు, ఒక నంబరు, అంతే. పాత ట్రక్కుని బాగుచేసి మళ్ళీ ఎర్రగా చెయ్యాలనుకునేవాళ్ళు చిక్కుకునేది ఇక్కడే.

ఎర్ర ట్రక్కు అంటే ఇక్కడి పల్లెల్లో ముందు గుర్తొచ్చేది ఇంటర్నేషనల్ హార్వెస్టర్. షికాగో కంపెనీ, కోతయంత్రాలూ ట్రాక్టర్లూ దాని అసలు వ్యాపారం. 1921లో ఒహాయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మోడల్ ఎస్ అనే చిన్న ట్రక్కు చేసి, దానికి కళ్ళు చెదిరే ఎరుపు వేశారు. జనం దాన్ని ‘రెడ్ బేబీ’ అన్నారు. డీలర్లు ఆ బండెక్కి రైతుల వాకిళ్ళకే వెళ్ళి సరుకు అమ్మేవారు. మైలు దూరంలో ఉండగానే వచ్చేదెవరో తెలిసిపోయేది. తమాషా ఏమిటంటే, అప్పటికి ఆ కంపెనీ ట్రాక్టర్లు బూడిదరంగువి. అవి ఎర్రబడింది 1936 నవంబరులో. రబ్బరు టైర్లొచ్చి ట్రాక్టర్లు రోడ్డెక్కుతున్న రోజులు, దూరం నుంచి కనబడాలని మార్చారంటారు. ఆ తర్వాత అది పక్కా పార్టీ రంగైపోయింది. ఆకుపచ్చ జాన్ డీర్ కొన్న ఇల్లు ఒక పక్షం, ఎర్ర ఇల్లు ఇంకో పక్షం.

మరి ఆ డబ్బాలో ఏముంది? 1920లకి ముందు బళ్ళకి నూనె వార్నిష్ రంగులు పూత మీద పూత వేసి, ఆరబెట్టి, రుద్ది, మళ్ళీ వేసేవారు. వారాలు పట్టేది. డ్యూపాంట్ వాళ్ళ డ్యూకో లక్క 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లతో వచ్చి ఆ వారాల్ని గంటలు చేసింది. ఆరడం సంగతి తేలింది కానీ ఎరుపు సంగతి తేలలేదు. అప్పట్లో అగ్గిబళ్ళకీ, బోర్డులకీ, యంత్రాలకీ చవగ్గా దొరికిన మంచి ఎరుపు టోలుయిడిన్ రెడ్, 1905 నాటి జర్మన్ సరుకు. దానికి పెద్దవాళ్ళున్నారు. మన చిరువేరులో ఉండే ఎర్రపదార్థం అలిజారిన్. మచిలీపట్నం ప్రాంతపు అద్దకాలకి పేరు తెచ్చింది అదే. 1868లో ఇద్దరు జర్మన్ రసాయనవేత్తలు దాన్ని తారు నుంచి తయారుచేశారు. వేరు తవ్వి బతికేవాళ్ళ పొట్ట కొట్టిన ఆ తారు రసాయనశాస్త్రమే తరవాత ట్రాక్టరు ఎరుపులనీ కన్నది.

టోలుయిడిన్ కొత్తలో నిప్పులా ఉంటుంది, కాస్త నారింజ ఛాయతో. ఆరుబయట ఏళ్ళు గడిస్తే మెరుపు పోయి సుద్ద పడుతుంది. ఇంకో అవగుణం, కారడం. దాని మీద తెల్లరంగు వేస్తే నాలుగు రోజుల్లో తెలుపు గులాబీ అవుతుంది. అందుకే 1930లలో సీసపు మాలిబ్డేట్ రంగులు వచ్చాయి. 1958లో డ్యూపాంట్ క్వినాక్రిడోన్ తెచ్చింది. 1974లో డొనాల్డ్ ఫార్నమ్ అనే ప్రొఫెసర్ ఇంకేదో చెయ్యబోతే చిక్కిన ఎర్రపొడిని 1986కల్లా సీబా-గైగీ బజారులో పెట్టింది. ఈనాడు ఫెరారీ ఎరుపు అంటున్నది అదే. ఎండకి ఇవి టోలుయిడిన్ కంటే గట్టివి. డబ్బా మీద పేరు పాతదే, లోపలి మనిషి మారాడు.

నేను కొన్నేళ్ళు రంగుల ల్యాబులో పనిచేశానని తెలిసి మా పక్క పొలం ఆయన సలహాకి వచ్చాడు. వాళ్ళ నాన్న కొన్న 1951 నాటి ఇంటర్నేషనల్ ఎల్-110. “నాన్న తెచ్చిన రోజు ఎలా ఉందో అలా కావాలి,” అన్నాడు. అప్పటికి ఆయనకి ఏడేళ్ళు. చెల్లెలు పుట్టింది 1956లో. ఆమెకి తెలిసిన బండి మెత్తటి, వెలిసిన ఎరుపు. “అంత నారింజగా ఎప్పుడుంది?” అని అన్నతో వాదన. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ట్రక్కే మధ్యలో మారింది.

మడ్‌గార్డు తీసుకెళ్ళి దుకాణంలో మెషీన్ కింద పెడితే ఆమె ఎరుపు కంటే కూడా పాతది, డెబ్భై ఏళ్ళ ఎండ ఎరుపు, వస్తుంది. కంపెనీ నంబరు చెప్పి కొంటే ఈనాటి పొడులతో చేసినది వస్తుంది. ఎండ సోకని చోటు వెతకమన్నాను. తలుపు కీలు మడతలో, రబ్బరు పట్టీ కింద గోరంత మేర దొరికింది. పొడిగా గీకొద్దనీ, తడిపి, మాస్కు పెట్టుకుని రుద్దమనీ గట్టిగా చెప్పాల్సొచ్చింది. ఆ పాత పొరల్లో సీసం ఉండొచ్చు.

ఎరుపులు చాలావరకు పారదర్శకం. కింద తెల్ల ప్రైమర్ ఉంటే పైది ఒకలా, బూడిద ప్రైమర్ ఉంటే ఒకలా కనిపిస్తుంది. అందుకని కాగితం మీది చుక్కల్ని నమ్మడం దండగ. రెండు రకాల ప్రైమర్ మీద నాలుగు ఎరుపులు రేకుముక్కలకి కొట్టించి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దుగూకేటప్పుడు ఒకసారి కొట్టం గోడకి ఆనించి చూశాం. ట్యూబులైటు కింద కవలల్లా ఉన్న రెండు, ఎండలో ఎవరికి వాళ్ళే.

ఆయన కీలు మడతలోదానికి దగ్గరగా ఉన్న నారింజ ఛాయదే తీసుకున్నాడు, బూడిద ప్రైమర్ మీద. ఆ గోరంత చోటుకి మాత్రం టేపు వేయించి పాతది అలాగే ఉంచాడు. బండి తయారయ్యాక చెల్లెలు చుట్టూ ఒకసారి తిరిగి చూసి, “కొత్తగా ఉంది,” అంది.