పోస్ట్‌మార్టం: మద్రాసు కోట నుంచి దోహా దాకా

లాటిన్‌లో ‘పోస్ట్ మార్టెం’ అంటే మరణం తర్వాత, అంతే. పరీక్ష అన్న అర్థం ఇంగ్లీషు వాడుకలో వచ్చి చేరింది. వైద్యులు ఎక్కువగా వాడే ‘ఆటాప్సీ’ గ్రీకు మాట. కళ్లారా చూడటమని దాని అర్థం. తెలుగు పత్రికలు శవపరీక్ష అని రాసినా జనం నోట పోస్ట్‌మార్టమే నిలిచింది. ఎన్నికల్లో ఓడిన పార్టీలు కూడా ఓటమికి పోస్ట్‌మార్టం చేసుకుంటున్నాయి. ఖతార్‌లో వినిపించే అరబ్బీ మాట ‘తష్రీహ్’.

మరణ కారణం తేల్చడానికి శవాన్ని కోయడం 1302 నాటికే ఇటలీలోని బొలోన్యాలో ఉంది. అక్కడ విషప్రయోగం అనుమానం వస్తే న్యాయస్థానం వైద్యులకు ఆ పని అప్పగించింది. ఇది శాస్త్రంగా స్థిరపడింది మాత్రం 1761లో, పదువా ఆచార్యుడు మోర్గాన్యీ గ్రంథంతో. బతికుండగా కనిపించిన రోగలక్షణాలకూ, చనిపోయాక అవయవాల్లో కనిపించిన చెడుకూ ఆయన వందల ఉదాహరణలతో ముడి వేశాడు. భారతదేశంలో నమోదైన తొలి శవపరీక్ష అంతకంటే పాతది. 1693 ఆగస్టులో మద్రాసు సెయింట్ జార్జి కోటలో కౌన్సిల్ సభ్యుడొకరు చనిపోతే, విషం అనుమానంతో డాక్టర్ ఎడ్వర్డ్ బల్క్‌లీ ఆ పరీక్ష చేశాడు. నేడు అనుమానాస్పద మరణాల విచారణకు ఆధారం భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 194వ సెక్షన్. 2024 జూలై దాకా అది పాత నేర ప్రక్రియా స్మృతిలోని 174. పోలీసుల శవ పంచనామా, ఆ వెంట ప్రభుత్వాసుపత్రి పోస్ట్‌మార్టం తెలుగువారికి బాగా తెలిసిన వరుసే.

అరబ్బు దేశాల్లో దారి వేరు. మృతదేహానికి మర్యాద, త్వరగా ఖననం అక్కడ ప్రధానం. అందుకే ఈజిప్టులో 1827లో వైద్య పాఠశాల తెరిచిన ఫ్రెంచి వైద్యుడు క్లాట్ బే, శవచ్ఛేదనకు మతపెద్దలను ఒప్పించుకోవలసి వచ్చింది. ఆ తర్వాత ధర్మశాస్త్ర పండితులు నేర విచారణ, రోగ నిర్ధారణ, వైద్య విద్య అనే అవసరాలకు దాన్ని అనుమతిస్తూ వచ్చారు. ఖతార్ 2012లో చేసిన 2వ నంబరు చట్టం కూడా ఇంచుమించు ఈ మూడింటికే పరిమితమైంది. కాబట్టి నేరం జాడ లేకుండా హఠాత్తుగా చనిపోయిన యువ కార్మికుడి విషయంలో పోస్ట్‌మార్టం తప్పనిసరి కాలేదు.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి ఖతార్ రాజధాని దోహాకు వెళ్లినవారి కుటుంబాలకు ఈ ఖాళీ బరువు తెలుసు. శంషాబాద్‌లో దిగే పెట్టెతో పాటు వచ్చే మరణ ధ్రువపత్రంలో, కారణం గడిలో, చాలాసార్లు కనిపించేది ‘సహజ కారణాలు, గుండె ఆగిపోవడం’. గుండె ఆగడం మరణానికి కారణం కాదు, అదే మరణం. ఆ గడి నిండినా ఎందుకన్నది తెలియదు. 2014లో ఖతార్ ప్రభుత్వమే నియమించిన డీఎల్ఏ పైపర్ న్యాయ సంస్థ, ఊహించని హఠాన్మరణాలన్నిటికీ శవపరీక్ష చేసేలా చట్టాన్ని విస్తరించాలని సూచించింది. 2021లో గార్డియన్ పత్రిక లెక్క ప్రకారం 2011-20 మధ్య అక్కడ చనిపోయిన భారతీయులు 2,711 మంది. వారిలో ఎనభై శాతం మరణాలను సహజమైనవిగా నమోదు చేశారు. జనాభాతో పోలిస్తే ఆ సంఖ్య అసాధారణం కాదని ఖతార్ వాదన.

పోస్ట్‌మార్టం కూడా సర్వశక్తిమంతమేమీ కాదు. ఉదాహరణకు, ఎండలో పనిచేసే కార్మికుడికి తగిలిన వడదెబ్బకు శరీరంలో ప్రత్యేకమైన ఆనవాలు మిగలకపోవచ్చు. పడిపోయిన క్షణంలో ఒంటి వేడి ఎంత, ఎక్కడ పనిచేస్తున్నాడు అన్నవీ కావాలి. ఊరికి తెచ్చాక మళ్లీ కోయిద్దామంటే, పాడవకుండా ఎక్కించిన ఫార్మలిన్ వల్ల విషాల పరీక్షలు దెబ్బతింటాయి. చేయాలంటే అక్కడే, వెంటనే చేయాలి.

ఆ కాగితం మీది మాటకు డబ్బు విలువ కూడా ఉంది. ఖతార్ కార్మిక చట్టం పని వల్ల సంభవించిన మరణానికే పరిహారం ఇస్తుంది. భారత ప్రభుత్వ ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద పది లక్షల రూపాయలు అందాలంటే అది ప్రమాద మరణమై ఉండాలి. ‘సహజ’ అని రాసిన చోట ఈ రెండూ అందవు.