రేకుపెట్టె మొదలు రహస్యపు తాళపుచెవి వరకు

1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు అన్నపూర్ణా స్టూడియోను ప్రారంభించిన నాటికి జూబిలీ హిల్స్ ప్రాంతమంతయు బండలతోడను పొదలతోడను నిండియుండెను. మదరాసున పెరిగి పెద్దదైన తెలుగు చిత్రపరిశ్రమ క్రమక్రమముగా ఈ గుట్టలకు తరలివచ్చి, ఫిలింనగరమను పేర ఇచ్చటనే స్థిరపడెను.

ఆనాడు చిత్రమునకు ఆకారమును, బరువును కలవు. సుమారు 15,000 అడుగుల 35 మి.మీ. ప్రింటు, రీళ్ళుగా చుట్టబడి, రేకుపెట్టెలలో ఊరూర తిరుగుచుండెడిది; ఒక్క ప్రింటునే రెండు హాళ్ళవారు పంచుకొని, ఇచ్చట ముగిసిన రీలును సైకిలుపై అచ్చటికి పరుగెత్తించుటయు కలదు. ‘బాక్సు రాలేదు’ అన్న మాట వినినంతనే హాలు వాకిట జనము ఉసూరుమనెడివారు. పెట్టెను కాచినవాడు చిత్రమును కాచినవాడే.

2005లో హాలీవుడ్ సంస్థలు డిజిటల్ ప్రదర్శనకు నియమావళిని ప్రకటించిన పిమ్మట, కావలి రీతియే మారెను. ఆ పద్ధతిలో చిత్రము 128 బిట్ల గూఢలిపిలో హార్డుడిస్కునకెక్కును. దానిని విప్పు ‘కీ’ నిర్దిష్టమైన యంత్రమున, నిర్దిష్టమైన గడువులోపల మాత్రమే పనిచేయును. తెరపై బొమ్మలో కంటికి కానరాని గుర్తు నిక్షిప్తమై, దొంగచాటు నకలు ఏ హాలులో, ఏ వేళ తీయబడెనో పట్టియిచ్చును. బకాయిలు తీరని దినమున నేడు వినవచ్చు మాట ‘కీ రాలేదు’ అనునదియే.

అయినను, హాలునకు చేరకమునుపే చిత్రము జారిపోయినచో ఆ కీ యేమి చేయగలదు? 2013 సెప్టెంబరులో ‘అత్తారింటికి దారేది’ చిత్రమున సుమారు సగము విడుదలకు ముందే బయటపడగా, నిర్మాతలు హుటాహుటిని 27వ తేదీననే దానిని విడుదల చేయవలసివచ్చెను. నేడు జేబులోని ఫోనే కెమెరా, అదే ఎడిటింగు గది, అదే వార్తాహరుడు. కావుననే, పట్టుకొన్నవాడెవడు, ఉన్నచోటెయ్యది, వేళ యెట్టిది, లోని వ్యవస్థ చెక్కుచెదరకున్నదా యని క్షణక్షణము విచారించి, స్టూడియోలో తెరచిన ద్వారమునే అపరిచిత స్థలమున మూసివైచి, ఫోను పోయినచో దూరమునుండియే లోని సమాచారమును తుడిచివేయు పరిస్థితివశ రక్షణ అవసరమైనది. 2023 నాటి సినిమాటోగ్రాఫ్ సవరణ చట్టము చౌర్యమునకు 3 నెలలకు తగ్గకుండ 3 ఏండ్ల వరకు కారాగారమును, 3 లక్షల రూపాయలకు తగ్గని జరిమానాను విధించుచున్నది. కాని శిక్ష నష్టము జరిగిన పిదప వచ్చునది.

యంత్రము ఎంత మెలకువతో నున్నను, దానిని చేతబట్టిన మనుష్యుని విశ్వాసమే తుది తాళము. వందలమంది శ్రమఫలమును ఫోనులో మోయుచున్న యువ సాంకేతికులారా, ఆనాటి రేకుపెట్టె నేడు మీ చేతిలో నున్నది. దానిని భద్రముగా కాపాడుడు.