ఉద్దెర ఖాతా

మోండా మార్కెట్‌లో ఇప్పుడు కొత్తిమీర కట్ట కొన్నా క్యూఆర్ కోడ్ చూపిస్తారు. ఫోన్ టింగుమంటుంది, లెక్క అటూ ఇటూ రెండు వైపులా నమోదైపోతుంది. మా నానమ్మ ఉండి ఉంటే ఏమడిగేదో నాకు తెలుసు: "గది సరే బిడ్డా, సేటు బుక్కుల ఏం రాసిండు?"

ఆమెకి చదువు రాదు. నెల సామానంతా ఉద్దెర తెచ్చి, వంటింటి గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకునేది. నెలాఖరుకి సేటు పుస్తకానికీ మా గోడకీ పేచీ వస్తే ప్రతిసారీ గెలిచింది పుస్తకమే. కిరాణా దుకాణాల లెక్కల గురించి నేను చదవడం మొదలుపెట్టింది ఈ పేచీ వల్లే.

ఆ పుస్తకం నిజానికి ఒకటి కాదు, రెండు. రోజులో ఏది ముందు జరిగితే అది ముందు ఎక్కేది చిట్టా. తర్వాత తీరిగ్గా కూర్చుని ఒక్కో మనిషి పేరు మీద పద్దులు విడగొట్టి రాసేది ఆవర్జా. ఇంటర్లో కామర్స్ చదివినవాళ్లకి ఈ మాటలు ఇప్పటికీ గుర్తుంటాయి. చిట్టా తేదీ చుట్టూ తిరుగుతుంది, ఆవర్జా మనిషి చుట్టూ. తప్పు జరిగితే ఎక్కువగా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి ఎక్కించేటప్పుడే జరుగుతుంది.

సికింద్రాబాద్‌లో ఈ పని ఇంకా చిక్కు. ఈ ఊరు 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద వెలిసిన కంటోన్మెంటు. కంటోన్మెంటుది బ్రిటిష్ రూపాయి. దాన్ని కల్దార్ అనేవారు, అంటే యంత్రం మీద కొట్టినది. చుట్టూ ఉన్న నిజాం రాజ్యానిది హాలీ సిక్కా. వంద కల్దార్లకి హాలీలో 116 రూపాయల 10 అణాల 8 పైలు. సులువుగా చెప్పాలంటే 7 హాలీ రూపాయలు 6 కల్దార్లతో సమానం.

ఇప్పుడు ఒక పద్దు ఊహించుకోండి. పప్పు, ఉప్పు, కిరసనాయిలు కలిపి 3–8–0, అంటే మూడు రూపాయల ఎనిమిది అణాలు. అది హాలీ అయితే కల్దార్‌లో సరిగ్గా మూడు రూపాయలు. పక్కన ఏ నాణెమో రాయకుండా కల్దార్‌లో వసూలు చేస్తే అర్ధరూపాయి అదనంగా పోయినట్టే. చదువు రాని మనిషికి ఆ అర్ధరూపాయి ఎక్కడ పోయిందో ఎలా తెలుస్తుంది?

తూకాలూ అంతే. మద్రాసు లెక్కలో సేరంటే 24 తులాలు. బెంగాల్ లెక్కలో 80 తులాలు. మాట ఒకటే, బరువు మూడింతల పైనే. ఇవి చాలవన్నట్టు 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. అణా అంటే లెక్క ప్రకారం ఆరుంపావు నయాపైసలు. పావు పైసా ఎవరూ ఇవ్వలేరు కాబట్టి అణాకి 6, బేడకి 12, మూడణాలకి 19, పావలాకి 25 అని సర్దుకున్నారు. హాలీ సిక్కా పూర్తిగా రద్దయింది 1959లో. నానమ్మ కొత్త కాపురానికి వచ్చిన రోజులు సరిగ్గా ఇవే. ఆమె గోడ మీద గీతలన్నీ ఒకేలా ఉండేవి. ఏ గీత అణానో, ఏది హాలీయో ఆమెకి తప్ప ఎవరికీ తెలీదు.

ఇది మన ఒక్కళ్ల గోల కూడా కాదు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో అమెరికా చిన్న ఊళ్ల దుకాణాల్లో కూడా దినచిట్టా, ఆవర్జా వేర్వేరుగానే ఉండేవి. రైతులు వెన్న, గుడ్లు తెచ్చి ఇస్తే అది వాళ్ల ఖాతాలో జమ అయ్యేది. లెక్క షిల్లింగుల్లో, చేతిలో ఆడేది స్పానిష్ డాలరు. ఆ డాలరుకి న్యూయార్క్‌లో 8 షిల్లింగులు, న్యూ ఇంగ్లాండ్‌లో 6. విదేశీ నాణేల చెల్లుబాటు అక్కడ 1857 చట్టంతో గానీ ముగియలేదు.

మరి పేచీ వస్తే? అమెరికా వలసల్లో దుకాణదారు తన పుస్తకం తెచ్చి, అందులో రాసింది నిజమేనని ప్రమాణం చేస్తే కోర్టు దాన్ని సాక్ష్యంగా తీసుకునేది. బ్రిటిష్ ఇండియాలో 1872 సాక్ష్య చట్టం, 34వ సెక్షన్, ఇంకొంచెం జాగ్రత్త పడింది. వ్యాపారంలో క్రమంగా రాసిన పుస్తకం పనికొస్తుంది గానీ, ఆ ఒక్కదాన్నే పట్టుకుని మనిషి మీద బాకీ మోపడానికి వీల్లేదంది. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత బాధేసింది. మా గోడకి వాదించే హక్కుందని నానమ్మకి ఎవరూ చెప్పలేదు. చెప్పినా కోర్టుకి వెళ్లేది కాదనుకోండి. పేచీ పెట్టుకుంటే వచ్చే నెల ఉద్దెర ఎవరిస్తారు?

సేటుని దుర్మార్గుణ్ని చెయ్యడం నా ఉద్దేశం కాదు. జీతం ఆలస్యమైన నెలల్లో మా ఇంట్లో పొయ్యి వెలిగింది ఆయన పుస్తకం వల్లే. సంతకం లేకుండా, పూచీ లేకుండా బియ్యం ఇచ్చాడు. రాని బాకీలు ఆయనకీ ఉండే ఉంటాయి. కానీ రాసే చెయ్యి ఆయన ఒక్కడిదే.

ఇంకో సంగతి చాలా ఆలస్యంగా తట్టింది. పెళ్లయిన అమెరికా ఆడవాళ్లు కొన్న సామాను మామూలుగా భర్త ఖాతాలోనే ఎక్కేదని చదివినప్పుడు, మా సేటు ఆవర్జాలో పేజీ ఎవరి పేరు మీద ఉండేదో గుర్తొచ్చింది. తాత పేరు మీద. తాత ఆ దుకాణం మెట్టెక్కింది బాకీ కట్టే రోజు మాత్రమే. బేరమాడిందీ, కొసరు అడిగిందీ, మోసుకొచ్చిందీ, గీతలు గీసుకుందీ నానమ్మ. ఆ పుస్తకం రేపు ఏ చరిత్రకారుడికైనా దొరికితే అందులో ఆమె ఉండదు.

గోడకేమో ఏటా దసరాకి సున్నం వేసేవాళ్లం. వేసే ముందు నానమ్మ ఆ గీతలన్నీ ఒకసారి పైకి లెక్కపెట్టేది. అన్నీ తీరిపోయాయని నిర్ధారించుకున్నాకే సున్నం బకెట్టు లోపలికి రానిచ్చేది.