రూకీ కార్డు అంటే ఏది? నిజాం స్టాంపుతో లెక్క తేల్చుకుందాం

ఈసారి ప్రశ్న మా కాప్రా నుంచే వచ్చింది. ఈసీఐఎల్ దగ్గర ఉండే ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా బావ కెనడాలో ఉంటడు, హాకీ కార్డులు కొంటడు. ఇది రూకీ, ఇది కాదు అని గంటలకొద్దీ వాదిస్తడు. మా తాతయ్య ఆల్బమ్‌లో నిజాం కాలం స్టాంపులున్నయ్. వాటిలో కూడా రూకీ ఉంటదా?"

ఉంటది తమ్ముడూ. కానీ ముందు మీ బావ గొడవేంటో చూద్దాం.

ఇది మన మైదానం హాకీ కాదు, మంచు మీద ఆడే ఐస్ హాకీ. బబుల్‌గమ్ ప్యాకెట్లలో ఆటగాళ్ల బొమ్మల కార్డులు పెట్టి అమ్మేవాళ్లు. పిల్లలు గమ్ నమిలి కార్డు దాచుకునేవాళ్లు. రూకీ అంటే కొత్తగా జట్టులోకి వచ్చినవాడు. కాబట్టి రూకీ కార్డంటే అతను ఆడిన మొదటి ఏడాది కార్డు అనుకుంటాం కదా? అక్కడే పప్పులో కాలేస్తాం.

గోర్డీ హౌ అనే మహా ఆటగాడు డెట్రాయిట్ జట్టులోకి వచ్చింది 1946లో. కలెక్టర్లు అతని రూకీ కార్డు అని ఒప్పుకునేది మాత్రం 1951-52 పార్క్‌హర్స్ట్ సెట్‌లోది. అంటే ఐదేళ్లు ఆడాక "కొత్తవాడి కార్డు" వచ్చింది! ఎందుకంటే యుద్ధకాలంలో హాకీ కార్డుల వ్యాపారం ఆగిపోయింది, మళ్లీ గట్టిగా మొదలైంది ఆ సీజన్‌లోనే. మధ్యలో బీహైవ్ ఫోటోలు ఉండేవి. ఒక కార్న్ సిరప్ కంపెనీ వాళ్ల డబ్బా లేబుల్ పోస్టులో పంపితే ఆటగాడి ఫోటో ఇచ్చేవాళ్లు. అందులో హౌ బొమ్మ ఉంది. అయినా అది ఫోటో, కార్డు కాదు అని ఎక్కువమంది పక్కన పెట్టేశారు. చూశారా, "మొదటిది" అన్న మాటకి ఆటగాడి జీవితంతో పెద్దగా పని లేదు. కార్డు ఎవరు వేశారు, ఏ సెట్‌లో వేశారు, ఎక్కడ అమ్మారు, లెక్కంతా ఇదే.

ఇంకో చిక్కు. వేన్ గ్రెట్జ్‌కీ కార్డు 1979-80లో రెండు చోట్ల వచ్చింది. కెనడాలో ఓ-పీ-చీ వేసింది, అమెరికాలో టాప్స్ వేసింది. అదే సీజన్, అదే ఫోటో. రెండూ రూకీలే అంటారు. కానీ జనం ఎగబడేది కెనడా కార్డు మీదే. అలాంటిది ఒకటి, మచ్చ లేనిది, 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకి అమ్ముడుపోయింది. గమ్ ప్యాకెట్‌లో వచ్చిన అట్టముక్క!

సరే, ఇప్పుడు స్టాంపులకి వద్దాం.

మన దేశంలో మొదటి స్టాంపు ఏది అని ఎక్కడ వెతికినా సింధ్ డాక్ అనే వస్తుంది. 1852 జులై 1న వచ్చింది, అర్ధణా స్టాంపు. నిజమే. కానీ అది చెల్లింది సింధ్ ప్రాంతంలోనే. దేశం మొత్తానికీ స్టాంపులు వచ్చింది 1854 అక్టోబర్‌లో. హాకీ కార్డులవాళ్ల రూలు ఇక్కడ పెడితే, ఒక్క ప్రాంతంలోనే దొరికే సెట్ రూకీ కాదు, అంతటా అమ్మిన సెట్టే రూకీ. ఆ లెక్కన సింధ్ డాక్ ఓడిపోతుంది. నాకైతే ఈ తీర్పు నచ్చదు. ఒక ప్రాంతంలో వాడినా ఉత్తరం మీద అంటించి డబ్బు కట్టినట్టే కదా. బీహైవ్ ఫోటో విషయం వేరు, అది ఆటకి సంబంధించిన బహుమతి. స్టాంపు అలా కాదు, పని చేసిన వస్తువు.

మరి హైదరాబాద్? సింధ్ డాక్‌ని ఓడించే రూలు పెడితే మన స్టాంపు పుట్టకముందే ఓడిపోతుంది. నిజాం స్టాంపు రాజ్యం లోపలే చెల్లేది. బయటికి ఉత్తరం పోవాలంటే బ్రిటిష్ ఇండియా స్టాంపు కావాలి. సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో బ్రిటిష్ వాళ్ల పోస్టాఫీసు, నగరంలో నిజాం తపాలా. పక్కపక్కనే రెండు లోకాలు.

నిజాం మొదటి స్టాంపు 1869 సెప్టెంబర్ 8న వచ్చింది. ఒక అణా, ఆలివ్ పచ్చ రంగు. అప్పటి నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కి ఎంత వయసనుకున్నారు? మూడేళ్లు! అదే ఏడాది ఫిబ్రవరిలో తండ్రి పోతే గద్దెక్కించారు. పాలన నడిపింది దివాన్ సాలార్‌జంగ్. స్టాంపు మీద రాజు బొమ్మ లేదు, అక్షరాలే. దాన్ని చెక్కింది లండన్‌లోని నిస్సెన్ అండ్ పార్కర్ కంపెనీ.

తర్వాత 1870 మే 16న ఇంకో రెండు వచ్చాయి. గోధుమ రంగు అర్ధణా, పచ్చ రంగు బేడ. బేడ అంటే రెండణాలు, ఇంట్లో అమ్మమ్మని అడిగితే చెబుతుంది. కలెక్టర్లు వీటిని స్కెలిటన్ అంటారు. వీటి గొప్ప ఏంటంటే, ఇక్కడే చెక్కారు. ఒక డిజైన్ చేసి అచ్చు తీసి కాపీ కొట్టలేదు. షీట్‌లో ఉండే 240 స్టాంపుల్నీ విడివిడిగా చేత్తో చెక్కారు. అందుకే ఏ రెండూ సరిగ్గా ఒకేలా ఉండవు. ఒక దాంట్లో గీత కొంచెం వంకర, ఇంకో దాంట్లో అక్షరం కొంచెం లావు. ఇది షీట్‌లో ఎన్నో నంబరు స్టాంపు అని కనిపెట్టడమే కొందరికి జీవితకాలం పని.

అందుకని మనకీ గ్రెట్జ్‌కీ చిక్కే. తేదీ చూస్తే 1869 లండన్ స్టాంపు ముందు. చెయ్యి చూస్తే 1870 మన ఊరిది. క్యాటలాగ్ నంబరు ఒకటి 1869దే, అందులో వాదన లేదు. కానీ హైదరాబాద్ స్టాంపు అని చూపించమంటే నేను చూపించేది స్కెలిటన్ అర్ధణానే.

ఇంకో మాట. ఒక కట్టడానికి రూకీ ఉంటే? చార్మినార్ కట్టింది 1591లో. నిజాం స్టాంపు మీదికి ఎక్కింది 1931లో, ఒక అణా మీద. 340 ఏళ్లు బెంచ్ మీద కూర్చున్న ప్లేయర్ అన్నమాట. అయితే మహబూబ్ అలీ ఖాన్ కాలం నాణేల మీద అప్పటికే ఉంది. నాణెం లెక్కలోకి రాదు అంటారు స్టాంపులవాళ్లు. నాణేలవాళ్లు ఊరుకుంటారా?

ఇక అసలు సంగతి, తాతయ్య ఆల్బమ్. ఆన్‌లైన్‌లో "హైదరాబాద్ మొదటి స్టాంపు" అని పెట్టి అమ్మేవాటిలో చూసుకోవాల్సింది రీప్రింట్. 1880లో ఈ మూడు స్టాంపుల్నీ మళ్లీ అచ్చేశారు. అవి దొంగ స్టాంపులు కావు, కానీ మొదటివీ కావు. వాటితో ఉత్తరాలు నడిపిన చరిత్ర లేదు. అలాంటిదానికి మొదటిదాని ధర పెడితే డబ్బు నీళ్లలో పోసినట్టే.

తేడా పట్టడం ఇంట్లోనే అవుతుంది. స్టాంపు అంచున చిల్లులు ఉంటాయి కదా. రెండు సెంటీమీటర్ల పొడవులో ఎన్ని వస్తాయో లెక్కపెట్టాలి. అసలు స్టాంపులకి పదకొండున్నర. 1880 రీప్రింట్‌కి పన్నెండున్నర. తేడా ఒక్క చిల్లే, అందుకే పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో దగ్గరగా ఫోటో తీసి జూమ్ చేసి లెక్కపెట్టండి. ఆల్బమ్ నుంచి మాత్రం పీకొద్దు, చిరిగితే మళ్లీ రాదు.

రంగు కూడా చెబుతుంది. స్కెలిటన్ అర్ధణా అసలుది గోధుమ రంగే. నీలంలోనో ఎర్రటి రంగులోనో కనిపిస్తే స్కేలు కూడా అక్కర్లేదు, అది రీప్రింటే. ఇంకో సంగతి తమ్ముడూ, ముందే ఆశ పెట్టుకోకు. పాత ఆల్బమ్‌లలో ఎక్కువగా దొరికేది 1871 నుంచి దాదాపు నలభై ఏళ్లు నడిచిన తర్వాతి సిరీస్. దాంట్లోనూ అర్ధణా ఉంది, అది ఎర్ర గోధుమ రంగులోనూ వచ్చింది, డిజైన్ వేరు. రెండింటి ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే నీకే తెలిసిపోతుంది. చూసి ఏది తేలిందో పంపు, వచ్చే ఎపిసోడ్‌లో అందరికీ చూపిద్దాం.