పెరటి పెట్ట గుడ్లెందుకు మానుకుంటుంది?



“మా పెట్ట గుడ్లు మానేసింది, ఇక కూరకే పనికొస్తుంది” అనే మాట తరచు వింటూ వుంటాం. గుణదల 1985లో విజయవాడ నగరంలో కలిసిపోయింది. అయినా పెరడున్నచోట కోడి వుండనే వుంటుంది. గుడ్ల డబ్బు చాలా ఇళ్ళలో ఆడవారి చేతి డబ్బు. కనుక కత్తి తీసేముందు, పెట్ట నిజంగా ఉడిగిపోయిందా, లేక విశ్రాంతిలో వున్నదా అని తేల్చుకోవాలి. అందుకు కోడి చరిత్ర కొంత తెలియాలి.

పెరటికోడికి మూలం ఎర్ర అడవికోడి. ఈ మాట 1868లో ఛార్లెస్ డార్విన్ చెప్పాడు. థాయిలాండులోని బాన్ నాన్ వాట్ అనేచోట క్రీ.పూ. 1650–1250 నాటి కోడి ఎముకలు దొరికాయి. వరి, చిరుధాన్యాలు పండేచోట గింజల కోసం అడవికోళ్ళు చేరి, మెల్లగా మచ్చికయ్యాయని 2022లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. అంటే కోడీ, వరీ పాత చుట్టాలన్నమాట!

అడవికోడి గుడ్డు పెట్టేది మనకోసం కాదు, పిల్లలకోసం. కొన్ని గుడ్లు కాగానే ఆపి, 21 రోజులు పొదిగి, పిల్లల్ని తిప్పుకుంటుంది. మన నాటుపెట్ట ఇంకా ఆ దారినే నడుస్తున్నది. అందుకే అది ఏడాదికి ఏ 50, 60 గుడ్లో పెడుతుంది. ఇటలీలోని లివోర్నో రేవు పేరు మోసే లెగ్‌హారన్ కోడికి పొదుగు గుణం ఏరివేత ద్వారా తగ్గించారు. కనుకనే అది 200 పైన పెట్టగలదు.

పొదుగుకు వచ్చిన పెట్ట గూట్లోంచి లేవదు, ఈకలు రేపి కుర్రుమంటుంది. పిల్లలు అక్కరలేకపోతే దానిని కింద గాలి ఆడే తడిక మీద, నీడలో, గంప కింద మూడు నాలుగు రోజులుంచండి. మేత, నీళ్ళు మామూలుగా పెట్టండి. పొట్టకు చల్లగాలి తగిలితే పొదుగు వదులుతుంది. ముక్కులో ఈక గుచ్చడం హింసే కాని వైద్యం కాదు.

రెండవది ఈకలు రాల్చడం. ఈక దాదాపు అంతా మాంసకృత్తులే గదా! కొత్త ఈకలు వచ్చేదాకా పెట్ట గుడ్డు మానుకుంటుంది. పొద్దు తగ్గినా అంతే. మన ప్రాంతంలో డిసెంబరు పగలు పదకొండు గంటలకు కొంచెం పైన, జూన్‌లో పదమూడు గంటలు. గుడ్లకు పద్నాలుగు గంటల వెలుతురు మేలు. నాలుగు పెట్టలకోసం దీపాలు అక్కరలేదు. సంక్రాంతి దాటి పొద్దు పెరిగితే అవే అందుకుంటాయి.

మూడవది మేత. 1855లో కృష్ణ ఆనకట్ట పూర్తయిన తరువాత ఈ డెల్టా వరికి పుట్టినిల్లయింది. కోడికి నూకలు, తవుడు కరువులేదు. కాని గుడ్డు నూకలతో తయారుకాదు. దానికి మాంసకృత్తులు కావాలి, పెంకుకు సున్నం కావాలి. ఒక్కొక్క పెంకులో సుమారు రెండు గ్రాముల కాల్షియం వుంటుంది. కనుక నూకలతోపాటు కొంచెం ఎండు చేపల పొడి, వేరుశెనగ పిండి, ఆకుకూర తుంపులు వేయండి. నత్తగుల్లలో, ఆల్చిప్పలో దంచి విడిగా ఒక మూకుట్లో పెట్టండి. బూజు పట్టిన పిండి మాత్రం వద్దు. 1960లో ఇంగ్లండులో అటువంటి వేరుశెనగ పిండి తిని లక్షకుపైగా సీమకోళ్ళు చచ్చాయి. ఆ బూజు విషమే అఫ్లటాక్సిన్.

గుడ్డులో ముప్పాతిక వంతు నీరే. బెజవాడ ఎండల్లో తొట్టి ఒక్కపూట ఎండినా గుడ్లు తగ్గుతాయి. మట్టి మూకుట్లో చల్లని నీళ్ళు, నీడన, రోజుకు రెండుమార్లు మార్చండి.

ఇక జబ్బు. కొక్కెర తెగులు 1926లో జావాలోను, ఇంగ్లండులోని న్యూకాజిల్‌లోను బయటపడింది. ఆ వెనుకనే కుమావు కొండల్లోని రాణీఖేత్‌లో కనిపించి, మనదేశంలో ఆ పేరే నిలిచింది. బతికిన పెట్టలు కూడ గుడ్లు మానుకుంటాయి, లేదా తోలుగుడ్లు పెడతాయి. 1940ల్లో ముక్తేశ్వర్ పరిశోధనాలయం దీనికి టీకా తయారుచేసింది. పిల్లకు మొదటి వారంలో కంట్లోనో ముక్కులోనో చుక్క, ఎనిమిది వారాలకు రెక్కకింద సూది వేయించాలి. గుడ్లు పెట్టే పెట్టకు ఆ సూది వేస్తే గుడ్లు తగ్గుతాయి. కనుక ముందే వేయించండి. పేలు, గోమార్లు, కడుపులో పాములు కూడ చూడాలి. మందు పశువుల డాక్టరును అడిగి వాడండి.

గ్రామాల్లో తిరిగే కార్యకర్తలు ఒక పరీక్ష నేర్పాలి. పెట్టను మెల్లగా పట్టుకొని తోకకింద రెండు ఎముకల మధ్య వేళ్ళు ఆనించి చూడండి. రెండు మూడు వేళ్ళు పట్టి, జుట్టు ఎర్రగా వుంటే అది పెడుతూనే వున్నది. గడ్డివామి చాటున గుడ్లు వెతకండి, లేదా ముంగిసనో, కాకినో, పామునో అనుమానించండి. ఒక్క వేలే పట్టి, జుట్టు పాలిపోతే పెట్టడం లేదు. అప్పుడు పొదుగా, ఈకా, మేతా, జబ్బా అని వరుసగా చూడండి. నాలుగు వారాలు సరిగా సాకినా, మూడేళ్ళు దాటిన పెట్ట తిరిగి అందుకోకపోతే అప్పుడు మీ ఇష్టం.

లేత పెట్టను తొందరపడి కోస్తే కూర ఒక్కపూట. ఓపికపడితే గుడ్లు మరి రెండేళ్ళు. లెక్క మీరే వేసుకోండి.