వంగని నడుము: యోగాసనాల చరిత్రపై ఒక పరిశీలన

నలభై అయిదేళ్ళు దాటిన ఒక బడిపంతులో, ఒక ఆఫీసు గుమాస్తానో డాక్టరు సలహా మీద యోగాసనాలు మొదలు పెట్టాడనుకుందాం. మొదటి రోజున నిలబడి ముందుకు వంగితే చేతివేళ్ళు మోకాళ్ళ దగ్గరే ఆగిపోతాయి. పద్మాసనం మాట దేవుడెరుగు, బాసింపట్టు వేసుకుని పది నిమిషాలు కూర్చోవడమే గగనమవుతుంది. వేలాది సంవత్సరాలుగా మన పూర్వులందరూ అవలీలగా చేస్తూ వచ్చిన పని తన వల్ల కాలేదని, ఆ ప్రాచీన పరీక్షలో తాను తప్పిపోయానని అతను అనుకుంటాడు. చాలామంది ఆ వారంలోనే మానేస్తారు.

ఈ చిన్నతనపడడంలో ఒక చారిత్రక అభిప్రాయం ఇమిడి ఉంది. ఈనాడు క్యాలెండర్లమీద, పాఠ్యపుస్తకాలలో, ప్రభుత్వ ప్రకటనలలో కనిపించే ఆసనాల వరస అనాదిగా ఇదే రూపంలో ఉన్నదని, దాన్ని చేయగల శరీరమే ఆదర్శశరీరమని ఆ అభిప్రాయం. ఇది ఎంతవరకు నిజమో పరిశీలించడం కేవలం పండితుల వ్యాసంగం అనుకోరాదు. ఏది ఎప్పుడు, ఎవరి కోసం, ఏ పరిస్థితులలో తయారయిందో తెలిస్తేగాని దానినుంచి మనకు కావలసింది మనం తీసుకోలేము.

ముందు ప్రాచీన గ్రంథాల సంగతి చూద్దాం. పతంజలి యోగసూత్రాలు నూటతొంభై అయిదో తొంభై ఆరో. వాటిలో ఆసనాన్ని గురించి చెప్పినవి మూడే మూడు. స్థిరంగా, సుఖంగా కూర్చోగలగాలి అన్నదే వాటి సారాంశం. ఏ కాలు ఎక్కడ పెట్టాలో, నడుము ఎంత వంచాలో పతంజలి చెప్పలేదు. చిత్తాన్ని నిలపడం ఆయన లక్ష్యం, కూర్చోవడం అందుకు సాధనం. పదిహేనవ శతాబ్దంలో స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికలో వివరించిన ఆసనాలు 15. వాటిలో ఎక్కువభాగం కూర్చుని చేసేవి. నిలబడి చేసేది ఒక్కటి కూడా లేదు. పైగా యువకుడు, వృద్ధుడు, ముదివృద్ధుడు, రోగి, దుర్బలుడు ఎవరయినా సరే అభ్యాసంతో ఫలితం పొందవచ్చునని స్వాత్మారాముడు స్పష్టంగా చెప్పాడు. సుమారు 1700 నాటి ఘేరండసంహితలో ఆసనాల సంఖ్య 32కి పెరిగింది. ఈనాటి మన గుమాస్తా ఏ ఉత్తానాసనం దగ్గర, ఏ త్రికోణాసనం దగ్గర బోల్తా పడ్డాడో అవి ఈ రెండు గ్రంథాలలోనూ కనిపించవు.

మన తెలుగు దేశంలో ఈ విషయమై అందరికన్న ముందు ఘాటుగా మాట్లాడినవాడు వేమన. ఆసనాలు వేసి ఒళ్ళు విరుచుకునే యోగం జెట్టీల సాముకంటే ఏమంత గొప్పది కాదని ఆయన ఎత్తిపొడిచాడు. వేమన స్వయంగా యోగి సంప్రదాయంలోనివాడు. కనుక ఇది బయటివాని వెక్కిరింత కాదు. ఆసనానికీ సాముగరిడీకీ మధ్య ఉన్న దగ్గరితనాన్ని ఆయన గమనించాడన్నది మనకు ముఖ్యం. ఆధునిక పరిశోధకులు ఈ చుట్టరికాన్ని మైసూరు రాజప్రాసాదపు దఫ్తరాలు వెతికి మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

బ్రిటిషు పాలనలో హఠయోగికి మర్యాద లేకపోయింది. ఆయుధాలు ధరించి గుంపులుగా తిరిగే సన్యాసులు కంపెనీ ప్రభుత్వానికి తలనొప్పి అయినారు. 1773లో వారన్ హేస్టింగ్సు అలాంటి సంచార సన్యాసులను బెంగాలునుంచి వెళ్ళగొట్టే ఉత్తరువు చేశాడు. తర్వాతి శతాబ్దంలో ఇంగ్లీషు చదువుకున్న మధ్యతరగతివారికి కూడా ఈ బైరాగులంటే చిన్నచూపే. 1896లో వెలువడిన ‘రాజయోగం’ గ్రంథంలో వివేకానందుడు మనోనిగ్రహానికే పెద్దపీట వేసి, హఠయోగపు శారీరక సాధనలను దాదాపు పక్కకు నెట్టివేశాడు. పందొమ్మిదవ శతాబ్దం ముగిసేనాటికి ఆసనాలు సభ్యసమాజంలో చోటులేని విద్య.

మరి ముప్పై, నలభై ఏళ్ళలోనే అవి జాతి గౌరవానికి చిహ్నం ఎలా అయినాయి? సమాధానం ఆనాటి రాజకీయ పరిస్థితులలో ఉంది. భారతీయులు బలహీనులు, పౌరుషం లేనివారు అన్న ప్రచారం పరపాలనను సమర్థించడానికి పనికివచ్చింది. దానికి జవాబుగా దేశమంతటా వ్యాయామోద్యమం తలయెత్తింది. యూరపులో పేరుపొందిన బలశాలి శాండో 1904–05 ప్రాంతంలో మన దేశంలో పర్యటించాడు. వీరఘట్టంలో పుట్టిన మన కోడి రామమూర్తినాయుడు సర్కసు డేరాలో చూపిన బలప్రదర్శనలు తెలుగువారి ఛాతీని ఉప్పొంగించాయి. ఔంధు సంస్థానాధిపతి 1920 దశకంలో సూర్యనమస్కారాలను వ్యాయామంగా ప్రచారం చేశాడు. ఆ వాతావరణంలోనే శ్రీయోగేంద్ర 1918లో బొంబాయి దగ్గర యోగా ఇన్‌స్టిట్యూట్‌ను స్థాపించాడు. స్వామి కువలయానంద 1924లో లోణావలాలో కైవల్యధామాన్ని నెలకొల్పి, ఆసనాలను ప్రయోగశాలలో పరీక్షించడం ప్రారంభించాడు. సూర్యనమస్కారాలను యోగంతో కలపడాన్ని యోగేంద్ర వ్యతిరేకించాడన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. ఈనాడు చాలా యోగాతరగతులు వాటితోనే మొదలవుతాయి.

అయితే ఈనాటి ఆసనాల వరసకు రూపుదిద్దిన ముఖ్యకేంద్రం మైసూరు. నాల్వడి కృష్ణరాజ వొడయారు పోషణలో తిరుమలై కృష్ణమాచార్య 1933లో జగన్మోహన ప్యాలెస్‌లో యోగశాల ప్రారంభించాడు. అది 1950 వరకు నడిచింది. ఆయన ముందు నిలబడిన విద్యార్థులలో అత్యధికులు సంస్థానపు కుర్రవాళ్ళు. లేత ఎముకలు, చురుకయిన కండరాలు, దండిగా ఉత్సాహం కలవాళ్ళు. వారిని ఒక చోట కూర్చోబెట్టి ధ్యానం చేయించడం కష్టం. ఒక ఆసనంనుంచి మరొక ఆసనానికి శ్వాసతో జోడించి దూకిస్తూ నడిపించే పద్ధతి వారికి తగినది. పైగా సంస్థానం ఖర్చుతో ఊరూరా ప్రదర్శనలు ఇవ్వాలి. ప్రేక్షకులు నోళ్ళు తెరిచి చూసేటట్లు ఉండాలి. విద్య యొక్క రూపాన్ని దాన్ని పోషించినవారి అవసరాలు, నేర్చుకున్నవారి వయస్సు నిర్ణయించాయనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈ విషయమై పరిశోధకులలో వివాదం లేకపోలేదు. నార్మన్ స్యోమన్ 1996లో ప్రచురించిన గ్రంథంలో, మైసూరు యోగానికి రాజాస్థానపు వ్యాయామ సంప్రదాయంతో, మల్లుల కసరత్తుతో గల సంబంధాన్ని చూపాడు. మార్క్ సింగిల్టన్ 2010లో మరొక అడుగు ముందుకువేసి, ఆనాటి యూరపు వ్యాయామపద్ధతుల ప్రభావం గట్టిగా ఉందన్నాడు. కాని ఇదంతా పాశ్చాత్య అనుకరణ అని తేల్చివేయడం తొందరపాటు. పందొమ్మిదవ శతాబ్దంలో మైసూరులోనే తయారయిన శ్రీతత్త్వనిధిలో 122 ఆసనాల చిత్రాలున్నాయి. దానికి ఆధారమయిన, పద్దెనిమిదవ శతాబ్దం నాటిదిగా భావించే హఠాభ్యాసపద్ధతిలో 112 ఆసనాలున్నాయి. వాటిలో తాడు పట్టుకుని చేసేవి, కదలికలతో కూడినవి కూడా ఉన్నాయి. కాబట్టి కృష్ణమాచార్య శూన్యంలోనుంచి సృష్టించలేదు, యథాతథంగా అప్పగించనూ లేదు. అందివచ్చిన సంపదను తన కాలానికి తగినట్లు మలిచాడు. సజీవమయిన సంప్రదాయాలన్నీ ఇలాగే నడుస్తాయి.

మైసూరునుంచే, నడివయస్సులో మొదలు పెట్టేవారికి పనికివచ్చే మరొక చరిత్ర కూడా ప్రారంభమయింది. 1899లో రీగా నగరంలో పుట్టిన యూజీనీ పీటర్సన్, తర్వాత ఇంద్రాదేవిగా పేరుపొందిన నటి, 1937లో యోగశాల తలుపు తట్టింది. అప్పటికామె వయస్సు 38. ఆడది, అందునా విదేశీయురాలు అని కృష్ణమాచార్య మొదట నిరాకరించాడు. మహారాజు కలగజేసుకున్న తర్వాతే ఆమెకు ప్రవేశం దొరికింది. ఆ తర్వాత ఆమె షాంఘైలోను, హాలీవుడ్‌లోను పాఠశాలలు తెరిచి, నూటరెండేళ్ళు బతికి 2002లో కన్నుమూసింది. కోలారు జిల్లా బెళ్ళూరులో 1918లో పుట్టిన బి.కె.ఎస్. అయ్యంగారు సంగతి ఇంకా విచిత్రం. మలేరియా, క్షయ, టైఫాయిడ్ పీల్చి పిప్పిచేసిన బాలుడిగా, 1934లో ఆయన బావగారయిన కృష్ణమాచార్య దగ్గరకు చేరాడు. అప్పుడు ముందుకు వంగితే తన వేళ్ళు మోకాళ్ళ దాకానే వచ్చేవని ఆయనే తర్వాతికాలంలో చెప్పుకున్నాడు. 1966లో వెలువడిన ఆయన గ్రంథంలోని సుమారు 600 ఫోటోలు చూసి ప్రపంచమంతటా బిరుసు శరీరాలవాళ్ళు బెదిరిపోయారు. ఆ ఫోటోలలోని మనిషి కూడా బిరుసు శరీరంతోనే మొదలుపెట్టాడన్న సంగతి వారిలో చాలామందికి తెలియదు.

1937లో పూనా వెళ్ళిన అయ్యంగారుకు రాజప్రాసాదపు కుర్రవాళ్ళు దొరకలేదు. రోగులు, పెద్దవయస్సువారు, ఉద్యోగస్థులు ఎదురయినారు. 1952లో ఆయనను కలిసిన వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనుహిన్ వయస్సు సుమారు 36. నిరంతర వాదనంవల్ల అతని కండరాలు పట్టేసి ఉన్నాయి. 1958లో ఆయన దగ్గర నేర్చుకున్న బెల్జియం రాజమాత ఎనభై దాటినది. ఇలాంటి శరీరాల కోసమే ఆయన పద్ధతిలో చెక్కదిమ్మలు, పట్టీలు, దుప్పట్లు, కుర్చీలు వచ్చిచేరాయి. చేయి నేలకు అందకపోతే నేలను దిమ్మరూపంలో చేతి దగ్గరకు తెచ్చారన్నమాట. కృష్ణమాచార్య కూడా మద్రాసు చేరిన తర్వాత విడివిడిగా ఒక్కొక్క మనిషికి అతని వయస్సును, రోగాన్ని, వృత్తిని బట్టి సాధన నిర్ణయించే పద్ధతికి మళ్ళాడు. ఆయన కుమారుడు దేశికాచార్ దాన్నే ప్రచారం చేశాడు. విద్యార్థి మారగానే విద్య మారింది. నలభై అయిదేళ్ళ గుమాస్తా మైసూరు కుర్రవాళ్ళ వరసతో తనను కొలుచుకోవడం అర్థంలేని పని అని ఆ గురువుల జీవితాలే చెబుతున్నాయి.

ఇక శరీరశాస్త్రం చెప్పేదేమిటి? వయస్సు పెరిగినకొద్దీ కండరాలను, కీళ్ళను కట్టి ఉంచే పీచు పదార్థంలో అడ్డుబంధాలు పెరుగుతాయి, నీటి భాగం తగ్గుతుంది. అందువల్ల బిరుసుతనం వస్తుంది. అయినా వంగలేకపోవడానికి అదొక్కటే కారణం కాదు. సాగదీతను నాడీమండలం ఎంతవరకు ఓర్చుకుంటుందన్నది కూడా ముఖ్యం. మొదటి కొన్ని వారాల అభ్యాసంలో కనిపించే మార్పులో ఎక్కువభాగం ఈ ఓర్పు పెరగడంవల్ల వచ్చేదే. కాబట్టి బలవంతంగా లాగడంకంటే, మోకాళ్ళు కొంచెం మడిచి, శ్వాస బిగపట్టకుండా, ప్రతిరోజూ కొద్దిసేపు చేయడం శాస్త్రసమ్మతం. తుంటి ఎముక అమరిక అందరికీ ఒకేలాగ ఉండదు. కొందరికి జన్మలో పద్మాసనం రాదు, రాకపోతే నష్టమూ లేదు. బలవంతపెడితే భారం మోకాలిమీద పడుతుంది. శీర్షాసనంలో కంటి లోపలి ఒత్తిడి సుమారు రెట్టింపు అవుతుంది. గ్లాకోమా ఉన్నవారు దాని జోలికి పోకూడదు. రక్తపుపోటు ఉన్నవారు డాక్టరును అడగకుండా తలకిందులు కారాదు. ఈ జాగ్రత్తలు చెప్పని గురువు ఎంత ప్రాచీనత చాటుకున్నా ప్రమాదకరమయినవాడే.

ఇంతకూ ఈ నడుము ఎందుకు బిగుసుకుపోయింది? వయస్సు ఒక కారణమయితే, శ్రమవిభజన మరొక కారణం. కుర్చీలో పదిగంటలు కూర్చున్న గుమాస్తా నడుము వాడక బిగుసుకుపోతుంది. గుంటమగ్గంలో కూర్చున్న నేతగానిది, చుట్టూ ఆకు పేర్చుకుని కూర్చున్న బీడీకార్మికురాలిది ఒకే భంగిమలో అరిగిపోతుంది. వరినాట్లు వేసే స్త్రీ ఉదయంనుంచి సాయంత్రందాకా వంగే ఉంటుంది. ఆమె వంపును ఎవరూ ఆసనమని పిలవరు. ఆమెకు దానివల్ల దక్కేది నడుమునొప్పి. కదలిక ఒకటే అయినా, ఎప్పుడు వంగాలో, ఎప్పుడు లేవాలో నిర్ణయించే స్వేచ్ఛ ఎవరిదన్నదానిని బట్టి అది ఆరోగ్యమో అనారోగ్యమో అవుతుంది.

2014 డిసెంబరు 11న ఐక్యరాజ్యసమితి జూన్ 21ని అంతర్జాతీయ యోగాదినంగా ప్రకటించింది. 2025లో ఆ రోజున విశాఖ సముద్రతీరంలో లక్షలాదిమంది ఒకేసారి ఆసనాలు వేశారు. అదే జూన్ నెలలో ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం ఫ్యాక్టరీలలో రోజువారీ పనిగంటల గరిష్ఠపరిమితిని 9నుంచి 10కి పెంచే సవరణకు ఆమోదముద్ర వేసింది. ఈ రెండు వార్తలనూ పక్కపక్కన పెట్టి చదవాలి. పదిగంటలు పనిచేసి, రాకపోకలకు మరో రెండు గంటలు పోగొట్టుకునే మనిషికి నడుము వంచే సమయం ఎక్కడిది? సంవత్సరంలో ఒక ఉదయం చాపలు పంచడం తేలిక. మిగిలిన మూడువందల అరవైనాలుగు రోజులలో తలా ఒక గంట తీరిక ఇవ్వడమే కష్టం.

మార్కెటు సంగతి వేరే చెప్పనక్కరలేదు. అమెరికాలో బిక్రమ్ చౌదరి 26 ఆసనాల తన వరసకు కాపీరైటు ఉందని కోర్టుకెక్కితే, 2015లో అక్కడి అప్పీలుకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఇంకొకవైపున మన దేశమే సుమారు 1,500 ఆసనాలను సంప్రదాయ విజ్ఞాన గ్రంథాలయంలో నమోదు చేసింది, ఎవరూ వాటిని సొంతం చేసుకోకుండా.

ఇదంతా చూసి మనలో కొందరు యోగం మతపునరుద్ధరణవాదుల సరుకని, అభ్యుదయవాదులకు దానితో పనిలేదని అంటారు. ప్రభుత్వాలు, మఠాలు దానిని ఎలా వాడుకుంటున్నాయో చూస్తే వారి చిరాకు అర్థంచేసుకోదగ్గదే. అయినా ఆ వాదం ప్రత్యర్థి చెప్పిన చరిత్రనే నిజమని ఒప్పుకుంటోంది. ఆసనాలు అనాదిసిద్ధమయిన, మార్పులేని పవిత్రసంపద అని వారంటే, అయితే మాకొద్దు అని వీరంటున్నారు. నాథయోగులు, జెట్టీలు, కసరత్తు మాస్టర్లు, రోగులు, ఆడవాళ్ళు, విదేశీయులు అందరూ చేయివేసి మార్చుకుంటూ వచ్చిన విద్య ఇది. 1984లో రాకేశ్ శర్మ సోవియట్ అంతరిక్షకేంద్రం సాల్యూత్–7లో యోగాభ్యాసాలు చేసి, భారరహితస్థితిలో వాటి ఉపయోగాన్ని పరీక్షించినప్పుడు దానిని ఎవరూ మతకార్యమనుకోలేదు.

కాబట్టి నడివయస్సులో మొదలు పెట్టే ఉపాధ్యాయునికి, కార్మికునికి చరిత్ర ఇచ్చే ధైర్యం ఇది: నీవు ఏ ప్రాచీన పరీక్షలోనూ తప్పలేదు. నీ చేతికి అందేంతవరకే వంగు, రేపు మళ్ళీ వంగు. దానితోపాటు మన సంఘాలకు చరిత్ర అప్పగించే పని కూడా ఉంది. ప్రతి పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుని నియమించాలని, వాడవాడలా ఫీజు లేకుండా అభ్యాసానికి స్థలం ఉండాలని, ఎనిమిది గంటల పనిదినం చెక్కుచెదరకుండా నిలవాలని కోరడం యోగవిద్యకు బయటి విషయమేమీ కాదు. మైసూరులో రాజప్రాసాదం తన కుర్రవాళ్ళకు తీరిక, చోటు, గురువు మూడూ సమకూర్చింది. వాటిని అందరికీ సమకూర్చడం ప్రజాస్వామ్యం చేయవలసిన పని.