రెండు పెద్ద ఇళ్ళ పోరు తీరిననాడు



వీధిలో రెండు పెద్ద ఇళ్ళవాళ్ళు నలభై యేళ్ళు పగబట్టి వుంటే, ఇరుగుపొరుగుకు కంటినిండా నిద్ర వుంటుందా? అమెరికా, సోవియట్ యూనియన్‌ల సంగతి అట్లాగే వుండేది. 1986 నాటికి ఆ రెంటి దగ్గరా కలిపి 60 వేలకు పైగా అణ్వస్త్రాలు పోగుపడ్డాయి.

అంతటి పోరు యుద్ధం లేకుండానే తీరింది చూడండి! ఆయుధాల ఖర్చూ, అఫ్గానిస్తాన్ యుద్ధమూ సోవియట్ సంసారాన్ని కుంగదీశాయి. అక్కడి ఇల్లాళ్ళు తిండి సామాన్లకూ, సబ్బుకూ క్యూలలో నిలబడేవారు. 1985లో పదవికి వచ్చిన గోర్బచేవ్ ఇది గ్రహించారు. 1987 డిసెంబరు 8న ఆయనా, అమెరికా అధ్యక్షుడు రీగనూ వాషింగ్టన్‌లో ఒప్పందం చేసుకున్నారు. దాని ప్రకారం 2,692 క్షిపణులు ధ్వంసమయ్యాయి. వట్టి మాట మీద నమ్మలేదు. ఒకరి స్థావరాలకు ఒకరు మనుషుల్ని పంపి లెక్క సరిచూసుకున్నారు. 1989 నవంబరు 9న బెర్లిన్ గోడ దారులు తెరుచుకున్నాయి.

ఆనాడు మన విదేశాంగ మంత్రి ఎవరనుకున్నారు? మన నర్సంపేట దగ్గర లక్నేపల్లిలో పుట్టి, హనుమకొండలో చదువుకున్న పి.వి. నరసింహారావుగారు. 1991 జూన్‌లో ఆయన ప్రధాని అయ్యారు. డిసెంబరు 25న గోర్బచేవ్ రాజీనామా చేశారు. సోవియట్ యూనియన్ విడిపోయింది.

లోకానికి భయం తగ్గింది, సరే. మరి మనకో? 1971లో మనతో స్నేహ ఒప్పందం చేసుకున్న దేశం అది. ఆయుధాలూ, చమురూ రూపాయల మీదే ఇచ్చేది. ఇక్కడ చూస్తే డాలర్లు లేక ఖజానా అప్పటికే అడుగంటింది. మా కొత్తవాడలో జంపఖానాలు నేసేవాళ్ళను అడగండి, నూలంతా ఒక్క కొట్టులోనే తెచ్చుకుంటే ఆ కొట్టు మూసిననాడు మగ్గం ఏమవుతుందో చెబుతారు.

పి.వి.గారు పాత స్నేహం తెంచుకోలేదు, కొత్త వాకిళ్ళూ తెరిచారు. 1992 జనవరిలో ఇజ్రాయెల్‌తో పూర్తి దౌత్య సంబంధాలు ఏర్పడ్డాయి. 1993 జనవరిలో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఢిల్లీ వచ్చి, కొత్త స్నేహ ఒప్పందం మీద సంతకం చేశారు.

ఆ పోరులో ఎవరు గెలిచారని పిల్లలు అడుగుతారు. క్షిపణులు పగలగొట్టిన మూడేళ్ళూ గెలుపు అందరిదీ అని చెప్పండి. ఆ 1987 ఒప్పందం నుంచి 2019లో అమెరికా తప్పుకుందనీ, అది ఇప్పుడు లేదనీ కూడా చెప్పండి. తీరిన తగువును కనిపెట్టుకుని వుండకపోతే మళ్ళీ రాజుకుంటుందని వాళ్ళకూ తెలియాలి గదా!